చాక్లెట్ చిప్స్‌తో ఓట్స్ కుకీలు: వేడి ఊళ్ల వంటింటికి తగిన పద్ధతి

ఓట్స్, చాక్లెట్ చిప్స్ కలిపి కాల్చే కుకీ అమెరికన్ ఇళ్ల వంటకం. అక్కడ ఓట్స్ కుకీలో ఎండుద్రాక్ష వేయడం పాత అలవాటు. 1930లలో మాసచూసెట్స్ రాష్ట్రంలోని విట్‌మన్ అనే ఊళ్లో టోల్ హౌస్ ఇన్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్, కుకీల పిండిలో చాక్లెట్‌ను ముక్కలుగా కొట్టి కలిపిన పద్ధతి దేశమంతా పాకిన తరువాత, పిల్లలున్న ఇళ్లలో ఓట్స్ కుకీలోకి కూడా చాక్లెట్ వచ్చి చేరింది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఇది మామూలు చిరుతిండి. ఓటీజీలు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న ఓవెన్లు, ఇంటింటికీ వచ్చాక హైదరాబాదులోనూ విజయవాడలోనూ చాలామంది దీన్ని ఇంట్లోనే చేసుకుంటున్నారు. మా ఇంట్లో పిల్లలు, పెద్దలు అనే భేదం లేకుండా అందరూ అడిగి చేయించుకునేది ఇదే.

చక్కగా కుదిరిన కుకీ అంచు దగ్గర కరకరలాడాలి, నడుమ మెత్తగా ఉండి నమలడానికి కొంచెం సాగాలి, ఓట్స్ రుచి చాక్లెట్ కింద అణిగిపోకుండా విడిగా తెలియాలి. అమెరికన్ వంట పద్ధతులను అక్షరాలా పాటించినా మన దగ్గర చాలాసార్లు ఇవి పల్చగా పరుచుకుపోయి అప్పడాల్లా తయారవుతాయి. కొలతలలో తప్పేమీ ఉండదు. ఆ పద్ధతి రాసినవారు 'గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న' అన్నప్పుడు వారి మనసులో ఉన్నది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే వంటిల్లు, మన వంటిల్లు ఏడాదిలో ఎక్కువ భాగం 30 డిగ్రీలకు పైనే ఉంటుంది. వెన్న 32 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది కనుక, ఈ కుకీ విషయంలో మనం పడవలసిన శ్రద్ధలో సగం వెన్నను చల్లగా ఉంచడం మీద, మిగిలిన సగం పిండిని తగినంతసేపు నానబెట్టడం మీద పెట్టాలి.

ఒక విడతకు ఉప్పు కలపని వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 110 గ్రాములు, మామూలు పంచదార 50 గ్రాములు, గుడ్డు ఒకటి, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను, మైదా 95 గ్రాములు, వంట సోడా అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, దాల్చిన చెక్క పొడి అర టీస్పూను, రోల్డ్ ఓట్స్ 140 గ్రాములు, చాక్లెట్ చిప్స్ 130 గ్రాములు కావాలి. ఒక్కో ఉండ 40 గ్రాముల చొప్పున పదహారు, పదిహేడు కుకీలు వస్తాయి. కప్పులతో కొలిచేవారు వెన్న అర కప్పు, బ్రౌన్ షుగర్ అదిమి కొలిచిన అర కప్పు, పంచదార పావు కప్పు, మైదా ముప్పావు కప్పు, ఓట్స్ ఒకటిన్నర కప్పు, చిప్స్ ముప్పావు కప్పు అనుకోవచ్చు. అయితే మైదాను కప్పుతో డబ్బాలోంచి తోడినప్పుడు అది అణిగిపోయి 20, 30 గ్రాములు ఎక్కువ వచ్చే అవకాశం ఉంది, కుకీ గట్టిబడడానికి ఆ మాత్రం చాలు. చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

ఓట్స్ ఎంపికతోనే ఈ కుకీ మంచి చెడ్డలు చాలావరకు తేలిపోతాయి. రోల్డ్ ఓట్స్ అంటే గింజను ఆవిరి పట్టి, రోలర్ల కింద అదిమి చేసిన వెడల్పాటి రేకులు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి త్వరగా ఉడికే రకం. వాటి రేకులు పల్చగా, చిన్నగా, కొంత పొడి కలిసి ఉంటాయి. అవి తడిని వెంటనే పీల్చుకొని కుకీని ముద్దగా, కేకు ముక్కలాగా మార్చేస్తాయి. వేరే దారి లేనప్పుడు వాటినే వాడవచ్చు కానీ, 15 గ్రాములు తగ్గించి వేసుకోవాలి, నమలడంలో ఉండే ఆ పట్టు మాత్రం రాదని ముందే తెలిసి ఉండాలి. నూకల్లా ఉండే స్టీల్ కట్ ఓట్స్ కాలడానికి పట్టే పది, పన్నెండు నిమిషాల్లో ఉడకవు, పంటికి రాళ్లలా తగులుతాయి. మసాలా కలిపిన ఓట్స్ ఇందుకు పనికిరావని వేరే చెప్పనక్కరలేదు.

ఓట్స్‌ను మూకుట్లో సన్నని సెగ మీద, నూనె గానీ నెయ్యి గానీ వేయకుండా, నాలుగైదు నిమిషాలు దోరగా వేయించుకుంటే వాసనే మారిపోతుంది. రంగు మారే దాకా ఆగకూడదు, గింజ కాలిన కమ్మని వాసన రాగానే దించి పళ్లెంలో పరచాలి. పూర్తిగా చల్లారాకే పిండిలో కలపాలి, గోరువెచ్చగా ఉన్నా వెన్న కరిగిపోతుంది. చాలా పద్ధతుల్లో ఈ వేయింపు ఉండదు. రవ్వనూ పప్పునూ వేయించి వండే అలవాటున్న మనకు ఇది పెద్ద పని కాదు, దాని వల్ల వచ్చే రుచికి మాత్రం ఏ ఎసెన్సూ సాటిరాదు.

తీపి విషయంలో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అమెరికాలో బ్రౌన్ షుగర్ అంటే పంచదారలో మొలాసిస్, అంటే చెరకు మడ్డి, కలిపిన తడితడి చక్కెర. ఆ తడి కుకీని మెత్తగా ఉంచుతుంది, మొలాసిస్‌లోని పులుపు గుణం వంట సోడాతో కలిసి పిండిని కొద్దిగా పొంగిస్తుంది. మన దగ్గర బ్రౌన్ షుగర్ పేరుతో అమ్మే పొట్లాల్లో చాలావాటిలో ఉండేది డెమరారా అనే ముతక పలుకుల చక్కెర. అది వెన్నలో కలవదు, కాలిన కుకీలో కూడా పలుకులుగానే మిగులుతుంది. అలాంటిది దొరికితే మిక్సీలో రెండు మూడు తిప్పులు తిప్పి మెత్తగా చేసుకోవాలి.

బ్రౌన్ షుగర్‌కు బదులుగా అంతే తూకం బెల్లం పొడి వాడవచ్చు. మంచి అనకాపల్లి బెల్లం దొరికే ఊళ్లో ఉంటూ, దిగుమతి చేసిన చక్కెర కోసం వెతకడం అనవసరమని నేను అనుకుంటాను. అచ్చు బెల్లాన్ని తురిమి, జల్లెడ పట్టి, ఇసుక, పిప్పి, ఉండలు లేకుండా చూసుకోవాలి. పాకంలా జారే తడి బెల్లం వద్దు, ఆ తడికి కుకీ పరుచుకుపోతుంది. బెల్లంతో చేసిన పిండిని తప్పనిసరిగా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: బెల్లం వేసిన కుకీ మొదటి నుంచే ముదురు రంగులో ఉంటుంది కనుక, కాలిందో లేదో రంగును బట్టి చెప్పడం కష్టం, అంచును వేలితో తాకి గట్టిపడిందేమో చూడాలి.

వెన్న అంటే ఇక్కడ దుకాణంలో దొరికే గట్టి వెన్నే. అందులో కొవ్వు నూటికి 80 పాళ్ల దాకా ఉంటుంది. ఇంట్లో చిలికిన వెన్నలో నీళ్లు, మజ్జిగ మిగిలి ఉంటాయి, ఎంత మిగిలాయో కొలిచే వీలు లేదు, అందువల్ల ఫలితం ప్రతిసారీ మారుతుంది. నెయ్యి వాడితే కుకీ నాన్‌కటాయిలా గుల్లగా, పొడిగా వస్తుంది, అది మంచి రుచే అయినా మనం కోరుకున్న కుకీ అది కాదు. ఉప్పు కలిపిన వెన్న మాత్రమే ఇంట్లో ఉంటే దాన్నే వాడి, విడిగా ఉప్పు వేయడం మానేయాలి.

చాక్లెట్ చిప్స్ పొట్లం వెనుక రాసిన పదార్థాలు చదివి కొనాలి. కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, ఉన్నవి అసలైన చాక్లెట్. కోకో బటర్ స్థానంలో వనస్పతి కొవ్వులు ఉన్నవి కాంపౌండ్ రకం, చవకగా దొరుకుతాయి, ఎండలకు కరగకుండా తట్టుకుంటాయి, కానీ నోట్లో మైనపు పూతలా మిగులుతాయి. నా సలహా ఏమిటంటే, 50 నుంచి 60 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ బార్ కొని, ఫ్రిజ్‌లో గట్టిపరచి, కత్తితో శనగగింజంత ముక్కలుగా తరిగి వాడుకోవాలి. తరిగేటప్పుడు రాలే చాక్లెట్ పొడిని పారేయకుండా పిండిలోనే కలిపితే కుకీ అంతటా సన్నని చారలుగా పరుచుకుంటుంది. జీడిపప్పు గానీ, వాల్‌నట్స్ గానీ ఇష్టమైనవారు చాక్లెట్‌లో 40 గ్రాములు తగ్గించి ఆ మేరకు వేయించిన పలుకులు వేసుకోవచ్చు.

గుడ్డు తినని ఇళ్లలో అవిసె గింజల పొడి ఒక టేబుల్‌స్పూనును మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లలో కలిపి పదిహేను నిమిషాలు ఉంచితే జిగురుగా తయారవుతుంది, ఒక గుడ్డుకు బదులు అది సరిపోతుంది. కుకీ కొంచెం తక్కువ పొంగుతుంది గానీ, ఓట్స్‌తో అవిసె రుచి బాగా కలుస్తుంది. మైదాకు బదులు పూర్తిగా గోధుమపిండి వాడితే పిండి ఎక్కువ తడిని పీల్చి కుకీ బరువెక్కుతుంది, సగం సగం అయితే తేడా పెద్దగా తెలియదు.

ఇక కలపడం. వెన్నను ఫ్రిజ్‌లోంచి తీసి అంగుళం ముక్కలుగా కోసి, వేసవిలో అయితే పది నిమిషాలు, చలికాలంలో అయితే అరగంట బయట ఉంచాలి. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలు లోపలికి జారిపోకూడదు, వెన్న పైభాగం నూనె తేలినట్టు మెరవకూడదు. మెరుపు కనిపిస్తే కలపడం మొదలుపెట్టకుండా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడమే మంచిది. వెడల్పాటి గిన్నెలో ఈ వెన్న, బ్రౌన్ షుగర్, పంచదార వేసి హ్యాండ్ బీటర్‌తో మధ్యస్థ వేగంలో రెండు మూడు నిమిషాలు, లేదా చెక్క గరిటెతో ఐదారు నిమిషాలు గిలకొట్టాలి. రంగు ఒక ఛాయ తేలికపడి, మిశ్రమం గిన్నె అంచులకు మెత్తగా అంటుకుంటే చాలు. వేళ్ల మధ్య రుద్దితే చక్కెర ఇంకా ఇసుకలా తగులుతూ ఉండాలి. కేకుకు చేసినట్టు చాలాసేపు గిలకొడితే గాలి ఎక్కువగా చేరి, కుకీ ఓవెన్‌లో పొంగి, బయటికి తీయగానే చదునుగా కూలిపోతుంది. మే నెల మధ్యాహ్నాలలో గిన్నెను చల్లని నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో నిలబెట్టి గిలకొట్టడం తేలికైన ఉపాయం.

తరువాత గుడ్డు, వెనిలా వేసి, కలిసిపోయే వరకు అర నిమిషం కలపాలి. మైదా, వంట సోడా, ఉప్పు, దాల్చిన చెక్క పొడి ఒకటిగా జల్లించి పెట్టుకోవాలి. సోడా ఎక్కడైనా ఉండకట్టి మిగిలితే ఆ కుకీ చేదెక్కుతుంది కనుక ఈ జల్లింపు మానకూడదు. ఈ పొడి మిశ్రమాన్ని వెన్నలో వేసి, తెల్లని పిండి కనపడకుండా పోయే వరకు మాత్రమే గరిటెతో కలపాలి. మైదాను ఎక్కువగా కలిపేకొద్దీ సాగే గుణం పెరిగి కుకీ బిరుసెక్కుతుంది. చివరగా ఓట్స్, చాక్లెట్ వేసి, గిన్నె అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి.

ఈ దశలో పిండిని చూస్తే చాలామందికి అనుమానం వస్తుంది. జిగటగా, వదులుగా, గరిటెకు అంటుకుంటూ ఉంటుంది, ఓట్స్ రేకులు పొడిగా, తెల్లగా, పిండిలో కలవనట్టు పైకి కనిపిస్తాయి. మరో రెండు చెంచాల మైదా వేద్దామనిపించే ఆ క్షణంలో చేయి ఆపుకోవాలి. ఓట్స్ ఇంకా తడిని పీల్చుకోలేదు, అందుకే అలా ఉంది. గిన్నెను మూత పెట్టి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తరువాత 40 గ్రాముల ఉండలుగా చేసి, పళ్లెంలో సర్ది, గాలి తగలకుండా మూసి, తక్కువలో తక్కువ ఒక గంట, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మర్నాటికి రేకులు మెత్తబడి, పిండి రంగులోకి మారి, ఉండ మొత్తం ఒకే ముద్దగా గట్టిపడుతుంది. వెన్న గట్టిపడినందువల్ల కుకీ ఓవెన్‌లో నెమ్మదిగా పరుచుకుంటుంది, మైదా, ఓట్స్ తడిని పీల్చుకున్నందువల్ల తీపి చిక్కబడి, రంగు, రుచి నిండుగా వస్తాయి. తొందరపడి అప్పటికప్పుడు కాల్చిన కుకీని, రాత్రంతా నానిన కుకీని పక్కపక్కన పెట్టి తింటే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. పచ్చి పిండిని రుచి చూడడం మాత్రం పిల్లలకు అలవాటు చేయకూడదు, పచ్చి గుడ్డే కాదు, కాల్చని మైదా కూడా కడుపుకు మంచిది కాదు.

అమెరికన్ పద్ధతుల్లో రాసే 350 డిగ్రీల ఫారన్‌హీట్ మనకు సుమారు 175 డిగ్రీల సెల్సియస్. ఓటీజీలో పై రాడ్డు, కింది రాడ్డు రెండూ వేసి, 175 దగ్గర పెట్టి, పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేయాలి. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో, మైక్రోవేవ్ కన్వెక్షన్ పద్ధతిలో 160 చాలు. మైక్రోవేవ్ కిరణాలు మాత్రమే వాడితే ఇవి కాలవు. ఓటీజీ డయల్ మీది అంకెకు, లోపలి వేడికి 15, 20 డిగ్రీల తేడా ఉండడం సాధారణం కనుక, లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొంటే చాలా సందేహాలు తీరుతాయి. కుక్కర్‌లో ఇసుక పోసి కేకు కాల్చే పద్ధతి మనకు పాతదే గానీ, కుకీకి నేను దాన్ని సూచించను. పైనుంచి వేడి తగలక పైభాగం పాలిపోయి ఉంటుంది, ఈలోగా అడుగు మాడుతుంది.

ట్రే మీద బేకింగ్ పేపర్ పరచి, రెండేసి అంగుళాల ఎడంతో ఉండలను పెట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండ గట్టిగా ఉండి తనంతట తాను సరిగా పరుచుకోదు కనుక, అరచేత్తో ఒకటిన్నర సెంటీమీటర్ల మందం వచ్చేలా సున్నితంగా నొక్కాలి. చిన్న ఓటీజీలో ఒకసారి ఆరుకు మించి పెట్టకపోవడం మంచిది. ట్రే మధ్య అరలోనే ఉండాలి. మొదటిసారి చేసేవారు అరిసెలకు ముందుగా ఒకటి వేసి చూసుకున్నట్టే, ఒక్క కుకీని మాత్రమే కాల్చి చూసుకుంటే మంచిది. అది మరీ పరుచుకుంటే మిగిలిన ఉండలను ఇంకో అరగంట ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, అసలు పరుచుకోకపోతే ఇంకాస్త పల్చగా నొక్కవచ్చు.

కాలడానికి 11 నుంచి 13 నిమిషాలు పడుతుంది. ఎనిమిదో నిమిషంలో ట్రేను వెనుకది ముందుకు తిప్పాలి, ఎందుకంటే చాలా ఓటీజీలలో వెనుక భాగం ఎక్కువ వేడిగా ఉంటుంది. ఆ తరువాత తలుపు అద్దం దగ్గర నుంచి కదలకూడదు. మొదట ఉండ అంచులు కుంగి గుండ్రంగా పరుచుకుంటాయి, తరువాత నడిమి భాగం ఉబ్బుతుంది, చివరగా చుట్టూ వేలెడు వెడల్పున అంచు బంగారు రంగుకు తిరుగుతుంది. నడుమ ఇంకా లేత రంగులో, కొంచెం తడిగా, కాలనట్టే కనిపిస్తుంది. అదే బయటికి తీయవలసిన సమయం. నడిమి భాగం కూడా రంగు తిరిగే దాకా ఆగితే చల్లారాక కుకీ పెళుసైన బిస్కెట్టు అవుతుంది. వేడి ట్రే మీద ఉన్న ఎనిమిది నిమిషాల్లో మిగిలిన కాలడం పూర్తవుతుంది, ఉబ్బిన నడుమ నెమ్మదిగా దిగి, పైన సన్నని పగుళ్లు వస్తాయి. ఆలోగా కదిపితే కుకీ విరిగిపోతుంది. తరువాత పల్చని అట్లకాడతో లేపి జాలీ మీద చల్లార్చాలి. వేడి చాక్లెట్ నాలుకను గట్టిగా కాలుస్తుంది కనుక పిల్లలకు ఇచ్చే ముందు పావుగంట ఆగాలి. రెండో విడత ఉండలను వేడి ట్రే మీద పెడితే ఓవెన్‌లోకి వెళ్లకముందే వెన్న కరుగుతుంది, ట్రేను కొళాయి కింద చల్లార్చి, తుడిచి వాడాలి.

అడుగు నల్లబడి పైభాగం సరిగా ఉంటే, ట్రే కింది రాడ్డుకు దగ్గరగా ఉందని గానీ, నల్లని పల్చటి ట్రే వాడారని గానీ అర్థం. ఒక అర పైకి జరపాలి, లేదా కింద మరో ట్రే జోడించాలి. కుకీ అప్పడంలా పరుచుకుపోతే వెన్న వేడెక్కడం, ఓవెన్ సరిగా కాగకపోవడం, తడి బెల్లం, ఈ మూడింటిలో ఒకటి కారణం. పరుచుకోకుండా ఉండలాగే మిగిలితే మైదా ఎక్కువైనట్టు, లేదా ఓట్స్ మరీ పొడిగా ఉన్నట్టు.

పూర్తిగా చల్లారిన కుకీలు బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో నాలుగైదు రోజులు బాగుంటాయి. మెత్తగా ఉండాలనుకుంటే డబ్బాలో ఒక బ్రెడ్ ముక్క వేస్తే చాలు, దాని తడిని కుకీలు తీసుకుంటాయి. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో, అంచు మెత్తబడితే 150 డిగ్రీలలో నాలుగు నిమిషాలు వేడి చేసి చల్లార్చితే కరకర తిరిగి వస్తుంది.

అన్నీ ఒకేసారి కాల్చనవసరం కూడా లేదు. నొక్కిన ఉండలను పళ్లెంలో విడివిడిగా ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తరువాత జిప్ సంచిలో వేసి ఉంచితే రెండు నెలల దాకా నిలుస్తాయి. కావలసినప్పుడు కావలసినన్ని తీసి, కరగనివ్వకుండా నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టి, మామూలు సమయం కంటే రెండు మూడు నిమిషాలు ఎక్కువ కాల్చాలి. సంచి మీద తేదీ, ఎన్ని డిగ్రీలలో ఎన్ని నిమిషాలు కాల్చాలో రాసి పెడితే ఇంట్లో ఎవరైనా వాటిని కాల్చుకోగలుగుతారు.